ఎండ్రికాయ పులుసులో చేప ముల్లు

పోయిన ఆదివారం మానేరు డ్యాం కట్ట మీద చేపలు వేయించే బండి దగ్గర దోస్తులతో నిలబడ్డాను. బండి ఆయన పెనం మీది నుంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"అక్కా, ముల్లుతోటిదా, ముల్లు లేందా?"

"రెంటికీ ఫరక్ ఏందన్నా?"

"ముల్లు లేంది జర పిరం."

"గదేంది? ఇచ్చేది తక్కువ, తీసుకునేది ఎక్కువనా?"

"తియ్యాలె గదక్కా. ఒక్కసారి తీసి చూడు, తెలుస్తది."

చూపించాడు కూడా. కత్తి మొనతో చేపను నిలువునా చీల్చి, నడుమ ముల్లును తల దగ్గర పట్టుకుని మెల్లగా లాగాడు. దువ్వెనలా మొత్తం ఒక్కసారే ఊడి వచ్చింది. దాన్ని పక్కన బకెట్లోకి విసిరాడు. అప్పటికే అందులో అలాంటివి చాలా ఉన్నాయి. నా గొంతులో ఏదో ఇరుక్కున్నట్టయింది. ఇంకా ఏమీ తినలేదు, అయినా ఇరుక్కుంది. దోస్తులు నా వంతు కూడా తినేశారు. ఆకలి చచ్చిపోవడం మా వంశంలో ఇంతవరకు ఎవరికీ రాని జబ్బు కాబట్టి, ఇంటికి వస్తూ బస్సులో కారణం వెతుక్కోవాల్సి వచ్చింది.

కారణం ఒక వానాకాలం. అప్పుడు నేను ఆరో తరగతి.

మా ఊరు హుజూరాబాద్ పక్కన. బాపు కల్లు గీసేవాడు. పొద్దున, సాయంత్రం రెండు పూటలా తాటిచెట్లు ఎక్కి దిగేవాడు. ఆయన ఒంటి మీద ఎప్పుడూ పులిసిన కల్లు వాసన, దాని వెనక పచ్చి మట్ట వాసన, ఇంకా వెనక రాతి మీద నూరిన కత్తి వాసన ఉండేవి. తండ్రులందరూ అలాగే వాసన వస్తారనుకునేదాన్ని. ఒకసారి దోస్తు ఇంటికి పోతే వాళ్ల నాన్న సబ్బు వాసన వచ్చాడు. పాపం, ఏం జబ్బో అనుకున్నాను.

ఎండాకాలం చివర్లో ఒక పొద్దున మోకు జారింది. మోకంటే నడుమునూ చెట్టునూ కలిపి వేసుకునే తాడు. బాపు కింద పడ్డాడు. ఎంత ఎత్తు నుంచి పడ్డాడన్న దాని మీద ఊళ్లో రోజుకో లెక్క నడిచింది. చెప్పేవాడు మారినప్పుడల్లా చెట్టు పెరిగేది. నాలుగో రోజుకు బాపు పడిన ఎత్తు వరకు ఏ తాటిచెట్టూ పెరగదు. బాపు మాత్రం, "ఇద్దరు మనుషులంత ఉంటదేమో, గంతే," అన్నాడు. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. పడినవాడికి ఏం తెలుస్తుంది!

కరీంనగర్ దవాఖానలో డాక్టరు ఫొటో తీయించి, వెన్నుపూస ఒకటి పగిలిందన్నాడు. నరం తెగినట్టు లేదన్నాడు. కాళ్లు మొద్దుబారాయి కానీ పూర్తిగా పోలేదన్నాడు. ఆరు వారాలు గట్టి చెక్క మీద వెల్లకిలా పడుకోవాలి, లేవకూడదు, వంగకూడదు, గట్టిగా దగ్గకూడదు.

"దగ్గస్తె ఎట్ల సార్?" అని అడిగింది అవ్వ. అమ్మను మేం అవ్వ అంటాం.

"వచ్చే పని పెట్టుకోకు."

"ఆరు వారాలైనంక లేస్తడా సార్?"

"చూద్దాం," అన్నాడు డాక్టరు.

ఆ 'చూద్దాం' మాతోపాటే బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. స్నానాల గది తలుపు ఊడబీకి, ఇటుకల మీద పరిచి, దాని మీద బాపును పడుకోబెట్టారు. ఆరు వారాలు మేం చీర అడ్డం కట్టుకుని స్నానాలు చేశాం. గాలి వచ్చినప్పుడల్లా మా ఇంట్లో రెండో ప్రమాదం జరిగేలా ఉండేది.

'చూద్దాం' అంటే ఏమిటన్న దాని మీద అత్తాకోడళ్లకు రోజూ వాదన.

"పెద్ద డాక్టర్లు గట్లనే అంటరు. లేవనోనికైతె చూద్దామని ఎందుకంటడే?" అనేది నాయినమ్మ.

"లేచెటోనికి మాత్రం చూద్దామని ఎందుకంటడత్తా?" అనేది అవ్వ.

ఇద్దరూ బాపు తల దగ్గరే నిలబడి మాట్లాడుకునేవాళ్లు. పడుకున్న మనిషికి చెవులు పనిచేయవని మా ఊళ్లో ఒక నమ్మకం. చూడవచ్చినవాళ్లదీ అదే పద్ధతి. ఒకాయన గ్లూకోజు బిస్కెట్ల పొట్లం పట్టుకుని వచ్చి, తలుపు పక్కన కూర్చుని, చాలాసేపు బాపును చూశాడు.

"మా చుట్టం ఒగాయన గిట్లనే వడ్డడు. ఏడేండ్లు మంచంలనే ఉండె పాపం."

"తర్వాత లేచిండా?" అన్నాడు బాపు.

"లేచుడేంది, పోయిండు. ఇగో, బిస్కెట్ తిను. ఫికర్ జెయ్యకు."

నాకు ఎవరూ ఏమీ చెప్పేవాళ్లు కాదు. అడిగితే, "నువ్వు సదువుకో పో," అనేవాళ్లు. అందుకని నా పరీక్షలు నేనే పెట్టుకున్నాను. రోజూ పొద్దున బాపు నిద్ర లేవకముందే చీపురుపుల్లతో ఆయన అరికాలు మీద గీత గీసేదాన్ని. వేళ్లు ముడుచుకుంటే ఆ రోజు అన్నం తినగలిగేదాన్ని. ఒకరోజు ముడుచుకోలేదు. రెండోసారి గీశాను, మూడోసారి గీశాను. నాలుగోసారికి బొటనవేలు ఒక్కటి కదిలింది. ఆ పూట బొటనవేలంత అన్నమే తిన్నాను.

ఇక మా ఇంటి వైద్యం గురించి చెప్పాలి. అంతా ఒకే సూత్రం మీద నడిచేది. కాళ్లు గుంజితే మేక కాళ్ల పాయ. రక్తం తగ్గితే కార్జం. చదువు తలకెక్కకపోతే భేజా. నాకు నెలకోసారి భేజా పెట్టేవాళ్లు, ఫలితం గురించి మా లెక్కల సారును అడగాలి. ఏ భాగానికి దెబ్బ తగిలితే ఆ భాగమే తినాలి. మరి వెన్నుకు? నాయినమ్మ ఒక పూటంతా వాకిట్లో కూర్చుని ఆలోచించి తేల్చింది.

"ఎండ్రికాయ."

పీతను మేం ఎండ్రికాయ అంటాం, ఎముకను బొక్క అంటాం.

"దానికి బొక్కంత పైకే ఉంటది. ఎంత గట్టిగుంటది! రాయి వెట్టి కొడితెగని పలగది. వారం దినాలు తాగిచ్చినమంటె ఈపు ఇనుమైతది."

అప్పటి నుంచి రోజూ ఎండ్రికాయ పులుసు. డొప్పతో సహా దంచి, మిరియాలు, వెల్లిపాయ, చింతపండు వేసి ఉడికించి, బట్టలో వడగట్టి, ఆ నీళ్లు బాపుకు. వేరుగా వండిన ముక్కలు మాకు. బట్ట పిండినప్పుడు లేచే ఆ ఘాటు వాసన వాకిలి దాటి వీధిలోకి పోయేది. అందుకే కావచ్చు, మిరుగు నాడు ఊరంతా చేపల వాసన వచ్చినా మా ఇంట్లోకి రాలేదు. మృగశిర కార్తె మొదలైన రోజున చేప తినని ఇల్లు మా వైపు ఉండదు. ఆ ఏడు మా ఇల్లు ఉంది. "ముల్లు ఇరుకుతె దగ్గుతడు, దగ్గితె ఈపు వోతది," అని నాయినమ్మ చేపను గడప దాటనివ్వలేదు. బాపు ఆ రోజంతా పైకప్పు పెంకులు చూస్తూ పడుకున్నాడు. పక్కింటి చేపల కూర గురించి ఒక్కమాట అనలేదు, కానీ మింగిన గుటక నాకు వినిపించింది.

తరవాత బడి తెరిచారు. సైన్సులో మొదటి పాఠం: వెన్నెముక ఉన్న జంతువులు, వెన్నెముక లేని జంతువులు. పుస్తకంలో సకశేరుకాలు, అకశేరుకాలు అని రాసి ఉండేది. ఆ మాటలకు నోరు తిరిగేలోపు గంట కొట్టేవాళ్లు. మా సైన్సు టీచర్ ఊరి చివరి మెథడిస్టు చర్చి వాళ్ల అమ్మాయి. ఆదివారం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేవారు, మిగతా రోజులు మాకు సైన్సు చెప్పేవారు. రెండూ ఒకే గొంతుతో కాబట్టి మాకు జీర్ణవ్యవస్థ కూడా కొంచెం భక్తిగానే వినిపించేది.

"రేపు తలా ఒక జీవిని పట్టుకురండి. వెన్నెముక ఉందో లేదో మీరే చెప్పాలి," అన్నారు టీచర్.

మరునాడు వరండాలో సుద్దముక్కతో అడ్డంగా గీత గీశారు. ఇటు ఉన్నవి, అటు లేనివి. ఒకడు కప్పను తెచ్చాడు. ఒకతె బిస్కెట్ కవరులో ఎర్రలు తెచ్చింది. అగ్గిపెట్టెలో ఆరుద్ర పురుగులు, డబ్బాలో నత్త, తాడు కట్టిన కుక్కపిల్ల, ఎవరింటి వంటింట్లోంచో ఎండు రొయ్య. ఒకడు ఏమీ దొరక్క తన తమ్ముణ్ణి తెచ్చాడు. "వెన్నెముక ఉన్నది టీచర్, నిన్న స్నానం చేసేటప్పుడు చూసిన," అన్నాడు. తమ్ముణ్ణి 'ఉన్నవి' వైపు కప్ప పక్కన కూర్చోబెట్టారు.

నేను చిన్న కల్లు లొట్టిలో ఎండ్రికాయను తీసుకుపోయాను. అది 'ఉన్నవి' వైపే అన్న విషయంలో నాకు అనుమానమే లేదు. కుక్కపిల్ల కంటే ముందు పెట్టాను, అందరికంటే గట్టిది కాబట్టి.

టీచర్ నవ్వారు. "ఇది ఇటు కాదమ్మా, అటు."

"గట్టిగుంటది టీచర్. రాయితోటి కొట్టినా పలగది."

"పైన డొప్ప గట్టిదే. లోపలంతా మెత్తని మాంసం. దీనికి వెన్నెముకే కాదు, ఒక్క ఎముక కూడా లేదు. మనకు గట్టిది లోపల, మెత్తది బయట. దీనికి తలకిందులు."

అని డస్టరుతో నెట్టి ఎర్రల పక్కకు తోశారు. ఎండ్రికాయ అడ్డంగా నడిచి గీత దాటి మళ్లీ ఇటు వచ్చింది. మళ్లీ తోశారు. మళ్లీ వచ్చింది. క్లాసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. రోజూ నవ్వించేది నేనే కాబట్టి, ఇది కూడా నేను కావాలని చేశాననుకున్నారు.

నాకు మాత్రం వేరే సంగతి గుర్తొచ్చింది. కిందటేడు ఇదే టీచర్ ఆహారం పాఠంలో, "మనం తిన్నదే మన ఒళ్లవుతుంది," అని చెప్పారు. ఇంట్లో నాయినమ్మదీ అదే మాట. బడీ ఇల్లూ ఒక్క మాట మీద ఉండడం నా జీవితంలో అదే మొదటిసారి. పన్నెండు రోజులుగా మా బాపుకు తినిపిస్తున్నది ఎర్రల చుట్టాన్ని. ఊరంతా వెన్నెముక ఉన్న చేపలు తిన్న మిరుగు నాడు ఆయనకు అవి కూడా లేవు. బొటనవేలు ఒక్కటే ఎందుకు కదిలిందో నాకు అర్థమైంది.

చెయ్యెత్తాను. "టీచర్, బొక్క లేనిదాన్నే రోజూ తింటుంటె, ఉన్న బొక్క ఏమైతది?"

సరిగ్గా అప్పుడే కుక్కపిల్ల ఎండు రొయ్యను తినేసింది. రొయ్య తెచ్చినవాడు ఏడుపు, తమ్ముడు పరుగు, కప్ప గోడ దూకింది. "ముందు ఆ కుక్కపిల్లను పట్టుకోండి!" అని అరిచారు టీచర్. నా ప్రశ్నకు నాకు దొరికిన జవాబు అదే.

ఇంటికి పోయి నాయినమ్మతో చెప్పాను, ఎండ్రికాయకు లోపల బొక్క లేదట అని.

"మీ టీచరమ్మ ఎన్ని ఎండ్రికాయలు వండిందట?" అంది నాయినమ్మ. అవ్వ, "సప్పుడుజెయ్యకుండ బుక్కెడు తిను," అంది. మీటింగు ముగిసింది.

ఎండ్రికాయలు పట్టే పని నాదే. పొలం గట్ల బొరియల్లో గడ్డిపుల్ల పెట్టి ఆడిస్తే పట్టుకుని వస్తాయి. రెండు రోజులు పట్టి పట్టి వదిలేసి, ఖాళీ బుట్టతో వచ్చి, "దొరకలే," అన్నాను. మూడో రోజు నాయినమ్మే పోయి బుట్ట నిండా తెచ్చింది. "నీ కండ్లకు ఏమొచ్చిందే? జాతరకు వోయినట్టు గట్టు మీద గుంపులు గుంపులు తిరుగుతున్నయి," అంది.

ఇక ఒకటే దారి. నా బెంచీ దోస్తు వాళ్లు చేపలు పట్టేవాళ్లు.

"మీ ఇంట్ల తిన్నంక ముల్లులేం చేస్తరే?"

"పిల్లికేస్తం."

"పిల్లికి వెయ్యకు, నాకియ్యి. నడుమ ముల్లు మాత్రమే. కొర్రమట్ట చాపలదైతె మంచిది."

"నువ్వు తింటవా?"

"మా బాపుకు."

దోస్తు నన్ను పైనుంచి కిందికి చూసింది. "మంచంల వడ్డంత మాత్రాన మనిషిని గింత తక్కువ జూస్తర్రా?"

చివరికి పన్నెండు రంగుల స్కెచ్ పెన్నులకు బేరం కుదిరింది. ఎరుపు రాయదన్న సంగతి ఇచ్చాక చెప్పాను. ముళ్లు కడిగి, పెంకుల మీద ఎండబెట్టి, కాకుల నుంచి, నా మీద పగబట్టిన వాళ్ల పిల్లి నుంచి కాపలా కాశాను. ఎవరూ లేనప్పుడు రోట్లో దంచాను. పొడి అయిందనుకున్నాను. పొడి అంటే ఏమిటో నాకు అంత బాగా తెలియదు. వడగట్టిన పులుసు గ్లాసు బాపు దగ్గరికి తీసుకుపోయేది నేనే కాబట్టి, దారిలో చెంచాడు కలిపేదాన్ని. మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజు పొద్దున చీపురుపుల్లకు అయిదు వేళ్లూ ముడుచుకున్నాయి. మూడో రోజు రెండు చెంచాలు వేశాను.

బాపు సగం తాగి ఆగిపోయాడు. కళ్లు పెద్దవయ్యాయి. గొంతు పట్టుకున్నాడు. దగ్గు వచ్చింది, ఆపుకున్నాడు, మళ్లీ వచ్చింది, మొహం నల్లబడింది. చేత్తో తలుపు చెక్కను దబదబ బాదాడు.

"దగ్గకు, దగ్గకు!" అని అవ్వ.

"దగ్గరా, దగ్గు! ఊపిరాడ్తలేదు వానికి!" అని నాయినమ్మ.

పక్కవాళ్లు పరుగెత్తుకొచ్చారు. డాక్టరు చూపించినట్టు నలుగురు పట్టుకుని మొద్దును దొర్లించినట్టు ఒకే వాటంగా పక్కకు తిప్పారు. నాయినమ్మ అన్నం ముద్ద ఒకటి నోట్లో కుక్కింది. బాపు ఒళ్లంతా అదిరేలా దగ్గాడు, ముద్దతో పాటు ఏదో ఎగిరి నేల మీద పడింది. నేను గోడకు అంటుకుపోయి ఉన్నాను. చేతిలో ఇంకా చెంచా ఉంది.

"నడుమేమన్న అయ్యిందా?" అని అవ్వ వంగి అడిగింది.

బాపు ఊపిరి అందుకుని, "తెల్వదు," అన్నాడు.

ఆరెంపీ డాక్టరు సైకిలు మీద వచ్చి, అటూ ఇటూ నొక్కి, సూది వేసి, "నాలుగు దినాలు చూద్దాం," అన్నాడు. ఇప్పుడు మా ఇంట్లో 'చూద్దాం'లు రెండయ్యాయి. రెండోది నేను తెచ్చింది.

నాయినమ్మ నేల మీది అన్నంలో వెతికి ఒక తెల్లని ముక్క తీసింది. రెండు వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురులో చూసింది.

"చాప ముల్లు," అంది. "బట్టల వడగట్టిన పులుసు. అందుల చాప ముల్లెట్లొచ్చె?"

ఎండ్రికాయ పులుసులో చేప ముల్లు మామూలుగా రాదు. మామూలుగా రానిది వచ్చిందంటే మా ఊళ్లో దానికి ఒకటే అర్థం, చేతబడి.

"ఎవలో చేసిర్రు," అంది నాయినమ్మ.

సాయంత్రానికి ఆ 'ఎవలో'కు మొహం కూడా వచ్చింది. ఎదురింట్లో ఒంటరిగా ఉండే పెద్దవ్వ. పిల్లలు లేరు. రోజూ పొద్దున బాపుకు గిన్నెడు చల్ల తెచ్చి, తలుపు పక్కన కాసేపు కూర్చుని పోయేది. చూడవచ్చిన అందరిలో చచ్చినవాళ్ల సంగతులు చెప్పనిది ఆమె ఒక్కతే. ఇప్పుడు అదే అనుమానమైంది. "గంత ప్రేమ ఎందుకుండాలె?" అన్నారు ఎవరో. "రేపు నలుగురిల నిలవెట్టి అడుగుత," అంది నాయినమ్మ. మా దగ్గర అలా అడగడం అడగడంతో ఆగదని నాకు తెలుసు. పక్క ఊళ్లో ఒకామెను అలాగే అడిగారు. ఆ తరవాత ఆమె ఆ ఊళ్లో లేదు.

తెల్లారగానే బాపు దగ్గరికి పోయాను. పుల్ల తీసుకోలేదు. కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"ఏందే, ఇయ్యాల పుల్ల వెట్టవా?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

అంటే మొదటి నుంచీ తెలుసు. నాకు ఏడుపు వచ్చింది. వచ్చింది వచ్చినట్టే అంతా చెప్పేశాను. ఎండ్రికాయ, గీత, ఎర్రలు, స్కెచ్ పెన్నులు, రోలు, పెద్దవ్వ. చెప్పడం అయ్యాక చూస్తే బాపు ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. ఏడుస్తున్నాడనుకున్నాను.

"నవ్వియ్యకే. నొప్పి లేస్తది," అన్నాడు పళ్ల బిగువున. కాసేపటికి, "ఎన్ని దినాలు కలిపినవ్?"

"మూడు."

"రుచి ఏదో తేడ గొట్టింది. మీ అవ్వ చెయ్యి అనుకున్న."

"బాపూ, నీ ఈపు మల్ల పలిగిందా?"

"ఇటు రా. అటు తిరిగి కూసో."

కూర్చున్నాను. మెడ కింద నుంచి నా వెన్ను మీద బొటనవేలు పెట్టి, ఒక్కొక్క పూసనే తడుముతూ కిందికి దించాడు. ఆయన వేలు తాటిమట్టలా గరుకుగా ఉంది. చెయ్యి అందినంత వరకు పోయి ఆగాడు.

"అన్ని ఉన్నయ్. నువ్వు సుత ఎండ్రికాయలే తిన్నవ్ గద ఇన్ని దినాలు. ఒక్కటన్న కరిగిందా?"

నేను ఈ సంగతి ఆలోచించలేదు. ఇంటిల్లిపాదీ తిన్నాం. అందరం నడుస్తూనే ఉన్నాం.

"తాటిచెట్టుకు ఉంటదా గా బొక్క?" అన్నాడు.

"చెట్లకు ఉండది. జంతువులకే."

"మరి గంత నిట్టనిలువుగ ఎట్ల నిలవడ్డదే?"

"టీచర్ చెప్పలే."

"అడుగు," అని, గొంతు పెంచి పిలిచాడు. "అవ్వా!"

మా ఇంట్లో ఆ పిలుపుకు ఇద్దరు తిరుగుతారు, ఆయన అవ్వ, నా అవ్వ. ఇద్దరూ వచ్చారు.

"గా ముల్లు నేనే తెమ్మన్న," అన్నాడు బాపు.

"పండుకున్నోనివి. ఎట్ల తెమ్మన్నవ్ రా?" అంది నాయినమ్మ.

"నోటితోని. మిరుగు నాడు తిన్లే గద, పానం గుంజింది. పొల్ల తెచ్చిచ్చింది. గా ముసలామెను ఏమనకుర్రి."

నాయినమ్మ బాపును చూసింది. తరవాత నన్ను చూసింది. నన్ను చూడడం చాలాసేపు సాగింది.

"నీకు ఇన్నేండ్లు భేజా వెట్టింది దండుగ," అని లోపలికి పోయింది. ఆ పూట పెద్దవ్వ చల్ల గిన్నె ఖాళీగా వెనక్కి పోలేదు. నాయినమ్మ నిండా ఎండ్రికాయ కూర వేసి, నా చేతికిచ్చి పంపింది.

ఆరెంపీ డాక్టరు చెప్పిన నాలుగు రోజులు నేను ఎలా గడిపానో గుర్తులేదు. స్లేటు మీద గీతలు గీసి తుడిచిన గుర్తు. అయిదు వేళ్లూ కదులుతూనే ఉన్నాయి. ఆరు వారాలు నిండాక, బెల్టు కట్టి, ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టారు. వాకిట్లో సగం ఊరుంది. బాపు కూర్చున్నాడు, కళ్లు తిరిగాయి, మళ్లీ పడుకున్నాడు. అందరూ నిరాశగా ఇళ్లకు పోయారు. మరునాడు ఎవరూ లేనప్పుడు మళ్లీ కూర్చున్నాడు. వారం తిరిగేసరికి గోడ పట్టుకుని నిలబడ్డాడు. కాళ్లు వణుకుతున్నాయి, నిలబడ్డాడు.

"చూసినవా, ఎండ్రికాయ," అంది నాయినమ్మ. ఆరెంపీ సూదులు అన్నాడు. టీచర్ ఆదివారం చర్చిలో బాపు కోసం ప్రార్థన చేయించారని మాకు అప్పుడు తెలిసింది. మా బెంచీ దోస్తు స్కెచ్ పెన్నుల సంగతి గుర్తుచేసింది. ఒక్కటే వెన్ను, ఇంతమంది వాటాదారులు.

స్నానాల గదికి తలుపు తిరిగొచ్చింది. అందరూ నిమ్మళించారు. నా భయం మాత్రం అప్పుడే అసలు మొదలైంది. అన్ని రోజులూ బాపు లేవాలని కోరుకున్నాను. లేస్తే ఏం చేస్తాడో ఆలోచించలేదు. ఒక పొద్దున ఆయన వాకిట్లో కూర్చుని కత్తి నూరుతున్నాడు.

"ఏడికి?" అన్నాను.

"ఇంకేడికి? తాళ్లకు."

"డాక్టర్ ఎక్కుమన్నడా?"

"చూద్దామన్నడు."

దసరా దాటాక ఎక్కడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి నేను పుస్తకాల సంచి భుజాన వేసుకుని ఆయన వెనకే పోయి, చెట్టు మొదట్లో నిలబడేదాన్ని. నిలబడి ఏం చేస్తాను? పడితే పట్టుకునేంత బలం లేదు. పడితే ఆయన నా మీద పడతాడు, వెన్నుపూసలు ఇద్దరివీ పోతాయి. ఇదంతా నాకు తెలుసు. అయినా మెడ నొప్పి పుట్టే వరకు పైకే చూసేదాన్ని.

ఒకరోజు పైనుంచి కేకేశాడు. "బడి గంట కొట్టిర్రు. పో బిడ్డా!"

"నువ్వు దిగినంక పోత!"

"నువ్వు పోతెనే దిగుత!"

ఇద్దరం చాలాసేపు కదల్లేదు. గాలికి మట్టలు కొట్టుకుంటున్నాయి. చివరికి ఆయనే దిగాడు. చేతులు దులుపుకుని నా సంచి సరిచేశాడు.

మరునాటి నుంచి గొడవ లేకుండా పోయింది. నేను చూస్తుండగా నాలుగు చెట్లు ఎక్కి దిగేవాడు, అన్నీ ఇంటి కప్పు కంటే కొంచెం ఎత్తు. "చూసినవ్ గద, మంచిగనే ఉన్న. పో," అనేవాడు. నేను తేలిగ్గా బడికి పోయేదాన్ని. చెట్లు అంత ఎత్తేమీ కావనీ, భయంలో నేనే పెద్దవి చేసుకున్నాననీ అనుకున్నాను. మిగతావి, ఆకాశానికి తగిలేవి, గంట కొట్టాక నేను క్లాసులో కూర్చున్నాక ఎక్కేవాడు. ఈ వరస నా కోసమే మార్చాడని అవ్వ నాకు చెప్పేసరికి నేను పదో తరగతి. అప్పటికి మా గట్ల మీది తాళ్లలో సగం కొట్టేశారు, బాపు ఎక్కడం మానేశాడు. నేను భయపడాల్సిన పొద్దులన్నీ ఆయన నాకు తెలియకుండానే ఎక్కి, దిగేశాడు.